ఆసవారిష్టముల మంచిచెడ్డలు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున నన్ను కూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించిరి. నేను పండితుడను కాను. వైద్యుడను అసలే కాను. 1984లో గ్రామాధికారుల పదవులు రద్దయినప్పుడు మా ఇంటి కరణీకము మా తండ్రిగారితో ముగిసినది. నేను మన సహకార సంఘమునకును, బజారులోని రెండు మూడు దుకాణములకును లెక్కలు వ్రాసి జీవించువాడను. సంస్కృతము నాకు గురుముఖమున వచ్చినది కాదు. ఇదిగో, ఈ తూర్పు కిటికీ ప్రక్కనున్న బల్లమీద, ఒక చేత నిఘంటువును, ఒక చేత గ్రంథమును పట్టుకొని, తప్పులు చేయుచు, దిద్దుకొనుచు నేర్చుకొన్నది. అట్టివాడు వైద్యగ్రంథములను గూర్చి ప్రసంగించుట సాహసమే. అందులకు కారణమొకటి గలదు. కొంతసేపటికి మనవి చేసెదను.

ఈ సంచిక కొరకు పాత రిజిస్టర్లను తిరుగవేయుచుండగా ఒక విషయము నా కంటబడినది. మన బీరువాలోని శాస్త్రగ్రంథములలో ఎక్కువసార్లు ఇండ్లకు వెళ్ళి వచ్చినది ఆంధ్రతాత్పర్యముతో కూడిన శార్ఙ్గధర సంహిత. దానిని తెరచి చూచితిని. పుస్తకమంతయు ఒక తీరున నలిగియుండలేదు. నాడీపరీక్ష పుటలు కొత్తవలె తెల్లగా ఉన్నవి. ఆసవారిష్టములను చెప్పు అధ్యాయమున మాత్రము ప్రతి పుట అంచున వ్రేలిముద్రలు. ఒకచోట బెల్లపు మరక, దానిని వెదకుచు వచ్చిన చీమ ఒకటి పుటల నడుమ అణగియున్నది. చదువరి ఎవరో వట్టి చదువుతో ఊరకొనలేదనియు, పొయ్యి దగ్గరకు కూడ పుస్తకమును కొనిపోయెననియు తెలిసినది. కావున ఈ నాలుగు మాటలు ఆ చదువరికే చెప్పుచున్నాననుకొనుడు.

ఆసవమనగా నేమి, అరిష్టమనగా నేమి? మూలికలను కాచకయే నీటిలో వేసి పులియబెట్టినది ఆసవము. కషాయము కాచి, దానిని పులియబెట్టినది అరిష్టము. ఇది శార్ఙ్గధరుడు చేసిన భేదము. ద్రాక్షారిష్టమునే వాడుకలో ద్రాక్షాసవమనుట వంటివి కొన్ని గలవు, వానితో మనకు పనిలేదు. ప్రత్యేకముగ కొలత చెప్పనిచోట ఒక ద్రోణము ద్రవమునకు ఒక తులా, అనగా నూరు పలముల బెల్లము, అందులో సగము తేనె, బెల్లములో పదియవ వంతు ప్రక్షేపచూర్ణము వేయవలెనని ఆయన నియమము. పిదప ధాతకీ పుష్పములు చేర్తురు. వీనినే మనవారు ఆరెపువ్వులందురు. నేతితో మెత్తిన కుండలో పోసి, మూకుడు పెట్టి, గుడ్డతో శీలమన్ను చేసి, గాలి తగులని చోట ఒక పక్షమో మాసమో ఉంచుదురు.

లోపల జరుగునది యేమి? గాలిలోను, పువ్వులమీదను కంటికి కానరాని మధుశిలీంధ్రములు గలవు. వానినే ఈస్టు అనుచున్నాము. అవి బెల్లములోని తీపిని తిని, ఒకవంక మద్యసారమును, ఒకవంక బొగ్గుపులుసు వాయువును విడుచును. ఇట్లు పులియుట జీవక్రియయేయని ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చర్ 1857 మొదలుకొని చేసిన పరిశోధనలలో నిరూపించెను. మన పూర్వవైద్యులు సూక్ష్మదర్శిని లేకయే ఫలమును గుర్తించిరి. కుండకు చెవియొగ్గి బుసబుసలు ఆగినవా అని వినుట, వెలుగుచున్న వత్తిని కుండ మూతివద్ద పెట్టి ఆరిపోవునా, వెలుగుచుండునా అని చూచుట మన వైద్యుల ఇండ్ల పరీక్షలు. వాయువు వచ్చుచున్నంతకాలము దీపము ఆరును. పులియుట ముగిసిన పిదప వెలుగుచుండును. పులియుట హద్దుమీరి పులుపెక్కినచో అది ఆసవము కాదు, శుక్తమనిరి. నేడు దానిని వెనిగరనుచున్నాము.

కావున ఆసవారిష్టములలో సారా కలియలేదు, అది లోపలనే పుట్టినది. పుట్టుట వేరు, కలియుట వేరు. కాని కడుపులోనికి పోయిన తరువాత కాలేయము ఈ భేదమును పాటింపదు. మద్యసారము మద్యసారమే. ఈ ఒక్కమాట చాలమంది ఒప్పుకొనరు. "అది ఆయుర్వేదమండీ, దానికేం దోషం ఉండదు" అందురు. చరకుడు అట్లనలేదు. ఆయన సూత్రస్థానమున ధాన్యములనుండియు, ఫలములనుండియు, వేళ్ళనుండియు, పువ్వులనుండియు పుట్టు ఆసవములను ఎనుబదినాలుగింటిని లెక్కించెను. మన ఏజెన్సీ ప్రాంతమువారు ఎరిగిన ఇప్పపువ్వు కూడ ఆ లెక్కలో గలదు. అట్లు లెక్కించిన ఆ మహర్షియే చికిత్సాస్థానమున మదాత్యయమునకు, అనగా మద్యము వలన కలుగు రోగమునకు, ఒక అధ్యాయమంతయు కేటాయించెను. తగిన మాత్రలో, తగిన కాలమున, తగిన వానికి అమృతసమానమైనది తప్పినచో విషమగునని ఆయన అభిప్రాయము. మాత్ర అనునది గ్రంథములో ప్రతి పుటలోను గలదు. మనమే దానిని దాటవేసి చదువుచున్నాము.

ఇక నాకు తెలిసిన విద్యలోనికి వచ్చెదను. లెక్క వేయుదము. ఆసవారిష్టములలో స్వయముగా పుట్టిన మద్యసారము సాధారణముగా నూటికి ఐదు మొదలు పది వంతుల వరకు ఉండును. ప్రభుత్వ నియమములు సామాన్యముగా పండ్రెండు వంతులకు మించరాదనుచున్నవి. మోతాదు 12 మొదలు 24 మిల్లీలీటర్లు, సమానముగ నీరు కలిపి, భోజనానంతరము, దినమునకు రెండుసార్లు. పదివంతుల ఆసవమును 24 మిల్లీలీటర్ల చొప్పున రెండుసార్లు పుచ్చుకొన్నవాని కడుపులోనికి పోవు మద్యసారము 4.8 మిల్లీలీటర్లు. మన దేశమున అమ్ము విస్కీ నూటికి 42.8 వంతులది. ఆ లెక్కన 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో ఉండునది సుమారు 12.8. అనగా ఆరోగ్యవంతుడైన పెద్దవాడు వైద్యుడు చెప్పినట్లు పుచ్చుకొనినచో, దినమంతటికి ఒక చిన్న పెగ్గులో మూడవ వంతు కంటె కొంచెము ఎక్కువ. ఇందులో భయపడవలసినది లేదు. కాని 450 మిల్లీలీటర్ల సీసా అంతటిలో 45 మిల్లీలీటర్లున్నవి. అది మూడున్నర చిన్న పెగ్గులు. సీసా ధర ఎంతయో, బ్రాందీ ధర ఎంతయో మీరెరుగుదురు. ఈ లెక్క నాకంటె త్వరగా వేయగలవారు మన ఊరిలో గలరు.

ప్రభుత్వము కూడ ఈ లెక్క ఎరుగును. 1955లో మందులమీదను, అలంకరణ ద్రవ్యములమీదను సుంకమును గూర్చి కేంద్రము చేసిన చట్టమున, స్వయముగా పుట్టిన మద్యసారము గల ఆయుర్వేద ఔషధములను సాధారణ మద్యమువలె త్రాగుటకు వీలగునవి, వీలుకానివి అని విడదీసిరి. కర్పూరాసవము వంటి తీక్ష్ణమైనవానిని చుక్కల లెక్కన వాడవలెను. అది ఆసవమను పేరుతో ఉన్నను తయారీలో వేరు, ఏకముగ సారాలోనే కర్పూరము కరగించినది. అందుచేత దానిని పదునైదు మిల్లీలీటర్లకు మించిన సీసాలో అమ్మరాదని నియమము చేసిరి. పేరు చూచి రెండును ఒకటే అనుకొని చెంచాలతో త్రాగినవాడు చిక్కులలో పడును. 1940 నాటి ఔషధ చట్టమునకు అనుబంధముగ ప్రామాణిక ఆయుర్వేద గ్రంథముల పట్టిక గలదు; అందులో మన తెలుగుదేశపు బసవరాజీయము కూడ ఉన్నదని చెప్పుటకు నాకు సంతోషముగా ఉన్నది.

మద్యనిషేధము వచ్చినప్పుడెల్ల ఈ తగాదా లేచును. మద్రాసు రాష్ట్రమున 1937లో సేలములో మొదలైన నిషేధము 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చినది. బొంబాయి రాష్ట్రపు నిషేధ చట్టముపై 1951లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, మద్యసారము గల ఔషధముల వాడుకను కూడ నిషేధించుట సమంజసము కాదని ఆ భాగమును కొట్టివేసినది. అది న్యాయమే. మందు రోగికి అందవలెను. కాని ఒక తలుపు మూసినచో జనము ఏ తలుపు తట్టుదురో కూడ చూడవలెను. 2020లో కరోనా దినములలో దుకాణములు మూతబడియుండగా, ప్రకాశము జిల్లా కురిచేడులో చేతులు కడుగుకొను శానిటైజరును త్రాగి పలువురు మరణించిరి. మత్తు కావలసినవానికి సీసా మీది పేరుతో పనిలేదు.

ఇప్పుడు నా కారణము చెప్పెదను.

నాకొక తమ్ముడు గలడు. ఈ మాటలు చెప్పుటకు వాని అనుమతి తీసికొంటిని. వాడు పదునాలుగేండ్లు త్రాగెను. ఏమి త్రాగెనో, ఎంత అమ్మెనో ఇక్కడ అనవసరము. ఒక శివరాత్రినాడు మానివేసెను. నిజముగనే మానివేసెను. మనిషి చిక్కి, ఆకలి లేక, చేతులు వణకుచుండగా, నేను శాస్త్రజ్ఞుడనుగదా, పుస్తకము తెరచితిని. ఆకలికి, బలమునకు ద్రాక్షాసవము మంచిదని చదివి, బజారులో నేను లెక్కలు వ్రాయు దుకాణముననే ఖాతా పెట్టించి, "నెలకు మూడు సీసాలు పట్టుకెళ్ళు" మని చెప్పితిని. వైద్యుని అడుగలేదు. మోతాదు ప్రకారము నెలకు 1,440 మిల్లీలీటర్లు, మూడు సీసాలకు కొంచెము పైమాట. లెక్క సరిగానే వేసితిని.

మొదటి నెల మూడు సీసాలు. వాడు తేరుకొనెను. ముఖమున కళ వచ్చెను. మా అమ్మ నా పాండిత్యమును ఇరుగుపొరుగువారికి చెప్పుకొనెను. రెండవ నెల చివర దుకాణపు పద్దులు కూడుచుండగా వాని పేర ఏడు సీసాలు కనబడెను. ఇంటికి వచ్చిన చుట్టములకు కూడ ఇచ్చియుండుననుకొంటిని. లెక్కలు వ్రాయువాడు అనుకొనరాదు, చీటీ అడుగవలెను. నేను అడుగలేదు. మూడవ నెల పంతొమ్మిది. ఆ అంకె వ్రాసి, మరల కూడి, కలము క్రింద పెట్టితిని. దినమునకు 285 మిల్లీలీటర్లు. మోతాదుకు ఆరురెట్లకు దగ్గర. రెండు చిన్న పెగ్గులకు పైన. నా తమ్ముడు త్రాగుడు మానలేదు, సీసా మార్చుకొనెను. ఆ సీసాను వాని చేతికిచ్చినవాడను నేను.

రాత్రి వానిని పిలిచి అడిగితిని. వాడు తల ఎత్తలేదు. "నువ్విచ్చిందే కదా అన్నయ్యా. మందే కదా" అనెను.

తెలుగున మందు అను మాటకు నేటి వాడుకలో రెండర్థములున్నవని మీకు చెప్పనక్కరలేదు. నిఘంటువులో నేను వెదకిన మాటలు వేలకొలది గలవు. ఆ ఒక్క మాటకు అర్థము ఆ రాత్రి నాకు తెలిసినది.

కథ ఇంతటితో ఐపోలేదు. పట్టణమున వైద్యునివద్దకు తీసికొనిపోతిని. ఆయన కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉంచి, మత్తు పూర్తిగా దిగిన పిదప డైసల్ఫిరామ్ అను మాత్రలు ఇచ్చెను. వాని గుణము చిత్రమైనది. మద్యసారము మన శరీరములో మొదట ఎసిటాల్డిహైడు అను చెడ్డ పదార్థముగ మారి, తరువాత అదియు విరిగిపోవును. ఈ మాత్ర ఆ రెండవ పనిని ఆపివేయును. మాత్ర వాడుచు మద్యము పుచ్చుకొన్నచో ఆ చెడ్డ పదార్థము రక్తమున నిలిచి, ముఖము కందగడ్డయగును, గుండె దడదడలాడును, వాంతులగును, రక్తపుపోటు పడిపోవును, ఒక్కొక్కప్పుడు ప్రాణము మీదికి వచ్చును. ఆ భయముతో మనిషి సీసా ముట్టడు. మాత్ర మానిన తరువాత కూడ రెండు వారముల వరకు ఈ ప్రమాదముండును. వైద్యుడు మా ఇద్దరికిని స్పష్టముగ చెప్పెను: దగ్గు సిరపులో ఉన్న కొంచెము మద్యసారము కూడ పనికిరాదు.

ఇరువది దినములు సుఖముగ గడచెను. ఒకనాడు నేను మండల కేంద్రమునకు వెళ్ళియుండగా తమ్ముడు విరోచనము కాలేదని అమ్మతో అనెను. అమ్మ బీరువాలో ఎప్పటినుండియో ఉన్న అభయారిష్టమును రెండు చెంచాలు పోసి, నీళ్ళు కలిపి, తన చేతితో త్రాగించెను. రెండే చెంచాలు. అరగంట గడువకముందే వాడు ఎర్రబడి, రొమ్ము పట్టుకొని, వాంతి చేసికొని అరుగుమీద పడిపోయెను. పొరుగువారు ఆటోలో ఆసుపత్రికి చేర్చిరి. రాత్రంతయు సెలైను ఎక్కించిరి. తెల్లవారుసరికి గట్టెక్కెను. మా అమ్మ ఆ తరువాత చాల దినములు వానికి మంచినీళ్ళు కూడ తన చేతితో ఇవ్వలేదు.

ఆమె తప్పేమి? అభయ అనగా కరక్కాయ. కరక్కాయ మందులో సారా ఉండునని ఆమెకెవరు చెప్పిరి? సీసా మీద వ్రాసియేయున్నది, ఇంగ్లీషున, చీమతలకాయలంత అక్షరములతో. అరిష్టమనగా పులియబెట్టినదని ఇంట తెలిసినవాడను నేనొక్కడనే. చెప్పనివాడను నేనే. ఎక్కువ త్రాగుట వలన మొదటిసారి చెడినది. రెండవసారి సరియైన మోతాదే చెడినది. నా లెక్కలో మనిషి లేడు, మిల్లీలీటర్లు మాత్రమే ఉన్నవి.

నా తమ్ముడు నేడు బాగున్నాడు. ఈ సభకు వేసిన షామియానా గుంజలు వాడు పాతినవే.

ఇది జరిగిన పిదప గ్రంథములను వేరు కన్నులతో చదువ మొదలుపెట్టితిని. గర్భిణుల విషయము చూడుడు. గర్భవతి నిత్యము మద్యము సేవించునదైనచో పుట్టిన బిడ్డ దప్పిక ఎక్కువగలవాడు, జ్ఞాపకము తక్కువవాడు, నిలుకడలేని మనసు గలవాడు అగునని చరకుడు శారీరస్థానమున చెప్పియున్నాడు. పాశ్చాత్య వైద్యులు ఈ వ్యాధికి పేరు పెట్టినది 1973లో. గర్భిణికి ఇంత మద్యసారము నిరపాయకరమని చెప్పదగిన హద్దు ఏదియు లేదని నేటి వైద్యుల మాట. బాలింతకు దశమూలారిష్టమిచ్చుట మన ఇండ్లలో ఆచారము. తల్లి రక్తములోని మద్యసారము పాలలోనికి కూడ వచ్చును. మోతాదు స్వల్పమైనచో వచ్చునది స్వల్పమే. ఐనను వైద్యునితో చెప్పి ఇచ్చుట మేలు. అత్తగారి మాట ఒక్కటియే చాలదు. పసిబిడ్డల విషయమున ఇంగ్లండువారును మనవంటివారే. వారి గ్రైపువాటరులో ఒకప్పుడు మద్యసారముండెడిది. 1990ల ఆరంభమున తీసివేసిరి.

మధుమేహమున్నవారు బెల్లమును మరచిపోవుదురు. పులిసిన తరువాత కూడ కొంత తీపి మిగులును. ఇన్సులిను వంటి మందులు వాడువారికి మద్యసారము చక్కెరను ఉన్నట్టుండి దించివేయుట కూడ గలదు; ఒకవంక పెంచును, ఒకవంక దించును. కాలేయవ్యాధి గలవారును, నిద్రమాత్రలు, మూర్ఛమాత్రలు వాడువారును అడుగకుండ ముట్టరాదు. జిగట విరేచనములకు మనవారందరు మింగు మెట్రోనిడజోల్ మాత్రల కాగితము చదివినచో, వానితో మద్యము కూడదని హెచ్చరిక కనబడును. విరేచనములకు ఉదయమున ఆ మాత్ర, రాత్రికి కుటజారిష్టము, రెండు వైద్యములును మంచివేకదాయని రెండింటిని కలిపి వాడువారిని నేనెరుగుదును.

ఇంటిలో తయారుచేయు చదువరికి ఒక మాట. పూర్వులు మట్టికుండను ఊరక చెప్పలేదు. పులిసిన ద్రవము ఆమ్లము. రాగి బిందెలోను, జస్తు పూతపెట్టిన బకెట్టులోను పోసినచో ఆ లోహము కరగి మందులో దిగును. గాజుసీసాకు బిరడా బిగించి ఎండలో పెట్టినచో వాయువు పోవుటకు దారిలేక పగులును. ఎన్ని వంతుల మద్యసారము పుట్టినదో నాలుకతో చెప్పుట ఎవరికిని సాధ్యము కాదు. అందుకే కొనుటకంటె చేసికొనుట శుద్ధమను వాదము నాకు అంగీకారము కాదు.

ఇట్లు చెప్పినంతమాత్రమున ఆసవారిష్టములను పారవేయుమని నా అభిప్రాయమనుకొనరాదు. మంచుపెట్టెలు లేని కాలమున మూలికల సారమును ఏండ్లతరబడి చెడకుండ నిలుపుటకు పూర్వులు కనుగొన్న ఉపాయమిది. నీటిలో దిగని గుణములు కొన్ని మద్యసారమున దిగును. గుణమున్నదని తరతరాలవారు చెప్పుచున్నారు. ఆ మాటను నేను నోటిపద్దుగా జమకట్టుకొందును. రసీదు వచ్చువరకు ఖరారు చేయను. రసీదు ఇచ్చుట వైద్య పరిశోధకుల పని.

కార్యదర్శిగారు గడియారము చూచుచున్నారు. ముగించెదను. మన శార్ఙ్గధర సంహితలో ఆ అధ్యాయపు మొదటి పుటకు ఎదురుగ ఒక కాగితము అంటించితిని. దానిమీద మద్యసారపు లెక్కలును, ఎవరు పుచ్చుకొనరాదో ఆ వివరములును పెద్ద అక్షరములతో తెలుగున వ్రాసితిని. చించివేయకుందురుగాక. వచ్చు ఆదివారము ఉదయము తొమ్మిది గంటలకు ఇచ్చటనే ఉందును. మీ మీ ఇండ్లలోని అరిష్టములు, ఆసవములు, దగ్గు సిరపులు, టానిక్కులు సంచిలో వేసికొని తెండు. లేబుళ్ళు కలసి చదువుదము. ఆరోగ్య కేంద్రపు డాక్టరుగారు కూడ వత్తుననిరి. భూతద్దము నేను తెచ్చెదను.